ఆగకూడని నాలుగో కారు

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బే గాని, కురిసే ఉద్దేశం దానికి ఉన్నట్టు లేదు. తూర్పున సన్నటి ఎర్రగీత ఒకటి కనపడి, మనసు మార్చుకున్నట్టు మళ్ళీ మూసుకుపోయింది. కారు తుడుస్తున్న మాలకొండయ్య ఒకసారి తలెత్తి చూశాడు. ఏమీ అనలేదు. ఆకాశాన్నే కాదు, ఎవర్నీ ఏమీ అనే మనిషి కాదతను.

జిల్లా మెట్టపంటల ప్రోత్సాహక సంస్థలో అతను పందొమ్మిదేళ్ళుగా డ్రైవరు. పందొమ్మిదేళ్ళుగా తాత్కాలికమే. చేరినప్పుడు నల్లగా ఉన్న మీసం తెల్లబడింది గాని ఉద్యోగం రంగు మారలేదు. ఈ ఏడు ఎట్టకేలకు అతన్ని పర్మినెంటు చేసే ఫైలు రాజధానికి చేరింది. దాని మీద ఒకటే షరతు: సదరు ఉద్యోగిపై ఏ మెమోయూ అమలులో ఉండరాదు. పందొమ్మిదేళ్ళలో అతని మీద ఒక్క మెమో లేదు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. ఈసారి తప్పితే ఇక తాత్కాలికంగానే ఇంటికి పోవాలి.

అతను తుడుస్తున్న కారు వచ్చి మూడు నెలలైంది. జాయింట్ డైరెక్టరు కృపానిధి గారు దాని వివరాల కాగితానికి అద్దం కట్టించి తన కుర్చీ వెనక గోడకి తగిలించారు. పన్నెండు వందల సీసీ, మూడు సిలిండర్లు, టర్బో పెట్రోలు ఇంజను, నూట పద్దెనిమిది గుర్రాల బలం, పదిహేను వందల చుట్ల దగ్గర్నుంచి నాలుగు వేల చుట్ల దాకా నూట డెబ్భై న్యూటన్ మీటర్ల లాగుడు. కంది విత్తనాల కోసం వచ్చిన రైతులకి ఆయన ముందు ఆ కాగితం చదివి వినిపించేవారు.

"మన సంస్థకి నూట పద్దెనిమిది గుర్రాలొచ్చాయయ్యా," అన్నారొకసారి.

"మంచిదే సార్. మరి వాటికి మేతెవరేస్తారు?" అన్నాడు ఒక రైతు. అతనికి ఆ ఏడు విత్తనాలు అందలేదు.

మాలకొండయ్య పల్లెబడిలో ఏడు దాకా చదివాడు. కారుతో ఇచ్చిన పుస్తకం ఆసాంతం చదివిన మనిషి ఆ ఆఫీసులో అతనొక్కడే. అందులో అరవై ఒకటో పేజీలో, టర్బో చల్లారేదాకా ఇంజనాపొద్దన్న మాట దగ్గర ఆగి, మెకానిక్ జిలానీ షెడ్డుకి పోయి అడిగాడు.

జిలానీ చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "బయటికి పోయే పొగుందే, దాన్ని ఊరకే పోనివ్వకుండా ఒక చక్రం తిప్పిస్తారన్నా. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి, గాలిని ఇంజన్లోకి కుక్కుద్ది. చిన్న పొట్ట, పెద్ద కూడు. అందుకే అంత ఊపు. నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుద్ది."

"కాలదా?"

"ఎర్రగా కాలుద్ది! దానికి దిక్కు ఇంజనాయిలే. బాగా పరిగెత్తించి వచ్చి టక్కున తాళం తిప్పావనుకో, ఆయిలు రావటం ఆగిపోద్ది. లోపలుండేది మాడి బొగ్గవుద్ది. నాలుగైదు నెలలు అట్టా చేస్తే నీలం పొగ, ఆ తర్వాత టర్బో చేతికొస్తది. ఇంకా రోగాలున్నయ్యిలే. వాల్వుల మీద మసి పట్టటం, కాయిళ్ళు పోటం, ఆయిలు తాగటం. అయ్యన్నీ తర్వాత. ఈ రోగానికి మాత్రం మందు సులువు. ఆపేముందు ఒక్క నిమిషం ఊరికే తిరగనియ్యి."

ఆ మాట పట్టుకుని మాలకొండయ్య మూడు నెలలుగా అదే చేస్తున్నాడు. కృపానిధి గారు దిగి మెట్లెక్కిపోయాక ఇంజన్ని ఒక్క నిమిషం తిరగనిచ్చి అప్పుడు ఆపేవాడు. ఆ మబ్బు పొద్దున కృపానిధి గారు మేడ మీద కిటికీ తీసి కిందికి చూశారు. కారులో తాను లేరు. ఇంజను తిరుగుతోంది.

మధ్యాహ్నానికల్లా మెమో వచ్చింది.

"జాయింట్ డైరెక్టరు వారు వాహనమునుండి అవతరించిన పిదప, సదరు డ్రైవరు ఒక నిమిషకాలము ఇంజనును నిష్ప్రయోజనముగా తిప్పుచుండుట స్వయముగా వీక్షింపబడినది. అధికారి లేని వాహనమున ఇంజను తిరుగరాదను పద్నాలుగవ నియమమునకు ఇది విరుద్ధము. సంజాయిషీ ఇవ్వవలెను."

ఇంట్లో భార్య అంకమ్మ విని తల కొట్టుకుంది. "పందొమ్మిదేళ్ళు నువ్వు నోరెత్తలేదు. ఇప్పుడు ఇంజను ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోవాలని మన ఊపిరి తీస్తావేందయ్యా?"

మాలకొండయ్య సంజాయిషీ రాశాడు. రెండే వాక్యాలు. పుస్తకంలో ఉంది. అరవై ఒకటో పేజీ చూడగలరు.

పుస్తకంలో ఉందనేసరికి ఆఫీసులో కలకలం పుట్టింది. అచ్చులో ఉన్నదాన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. సూపరింటెండెంటు త్రిపురాంతకేశ్వరరావు గారి అధ్యక్షతన ముగ్గురితో కమిటీ వేశారు. ముగ్గురూ కారు చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఒకాయన బానెట్టు మీద చెయ్యి వేసి కాలి తీసేశాడు. "వేడిగానే ఉంది" అని మినిట్సులో రాసుకున్నారు. ఎనిమిది రోజుల తర్వాత నివేదిక తయారైంది.

"తయారీదారు పుస్తకము సత్యము. పద్నాలుగవ నియమమును సత్యము. రెండు సత్యములు ఢీకొనరాదు. కావున, వాహనము నిలిచిన పిదప ఒక నిమిషము పాటు అధికారి అందు ఆసీనుడై ఉండవలెను."

మెమో సంగతి ఏమైందని మాలకొండయ్య అడిగాడు. అది వేరే సెక్షను చూస్తుందన్నారు.

మొదటి రోజు కృపానిధి గారే కూర్చున్నారు. గేటు దగ్గర బీడీ కాలుస్తున్న రైతొకడు చూశాడు. ఏడుసార్లు వస్తే ఏడుసార్లూ సారు మీటింగులో ఉన్నారని విన్నవాడు. "ఒరే, సారు దొరికాడ్రోయ్!" అని కేకేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. రెండో రోజు పద్నాలుగు మంది చేరారు. మూడో రోజుకి ఒకామె తెగులు పట్టిన కంది మొక్కని వేళ్ళతో సహా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

నాలుగో రోజు ఆయన ప్రధాన కార్యాలయానికి లేఖ రాశారు. జాయింట్ డైరెక్టరు స్థాయి అధికారి యొక్క అమూల్య నిమిషములు వాహనమందు వ్యయమగుట రాష్ట్ర వ్యవసాయమునకు నష్టదాయకము. కనుక ఈ కార్యమునకై ప్రత్యేకముగా ఆసీనాధికారి అను గెజిటెడు పోస్టు మంజూరు చేయగలరు.

పోస్టు వారంలో మంజూరైంది. పందొమ్మిదేళ్ళ ఫైలు మాత్రం అదే బల్ల మీద కదలకుండా ఉంది.

త్రిపురాంతకేశ్వరరావు గారికి ప్రమోషనిచ్చి ఆసీనాధికారిని చేశారు. శాలువా కప్పారు. ఆయన పనంటే ప్రాణం పెట్టే మనిషి. కారు ఆగీ ఆగగానే వెనక సీట్లో ఎడమవైపు నిటారుగా కూర్చుని, గడియారం చూసుకుని, సరిగ్గా అరవై సెకన్లకి దిగేవారు. దిగాక ఆసీన రిజిస్టరులో సమయం వేసి, రిమార్కుల గడిలో "సుఖాసీనము" అని రాసి సంతకం చేసేవారు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఆడిట్ వారి దగ్గర్నుంచి ఆమోదం వచ్చింది. ఒక్క సవరణతో: "ఆసీన సమయమున ఇంధనవ్యయము లేని పక్షమున అభ్యంతరము లేదు."

మాలకొండయ్య ఆ కాగితం రెండుసార్లు చదివాడు. త్రిపురాంతకేశ్వరరావు గారి బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఏంటయ్యా?"

"ఇంజనాపేసి కూర్చోమంటున్నారు సార్."

"అవును. పొదుపు."

"తిరగాల్సింది ఇంజను సార్. మనిషి కూర్చోవాల్సిన పన్లేదు."

త్రిపురాంతకేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి, జాలిగా చూశారు. "మాలకొండయ్యా, ఇంజను తిరగాలని పుస్తకంలో ఉంది. అధికారి కూర్చోవాలని ఉత్తర్వులో ఉంది. నీకు జీతం పుస్తకం ఇస్తోందా, ఉత్తర్వు ఇస్తోందా?"

మాలకొండయ్య వెనక్కి వచ్చేశాడు.

ఆ రోజు నుంచి కారు ఆగగానే తాళం తిప్పేసేవారు. లోపల ఆయిలు మాడుతుంటే, పైన ఆసీనాధికారి సుఖాసీనులై ఉండేవారు.

తర్వాత టూర్లు మొదలయ్యాయి. టూరులో కారు ఎక్కడ ఆగుతుందో అక్కడికి ఆసీనాధికారి కూడా రావాలి. జాయింట్ డైరెక్టరు పక్కన కిందిస్థాయి అధికారి కూర్చోవడం మర్యాద కాదు. డ్రైవరు పక్కన గెజిటెడు అధికారి కూర్చోవడం అసలు మర్యాద కాదు. అందుచేత ఆయనకి రెండో కారు కొన్నారు. అదే ఇంజను, అవే నూట పద్దెనిమిది గుర్రాలు. ఆయన రెండో కారు దిగి మొదటి కారులో కూర్చోవడానికి పరిగెత్తగానే రెండో కారు అనాథ అయిపోయింది. దానికి రెండో ఆసీనాధికారి, ఆయనకి మూడో కారు. దానికి మూడో ఆసీనాధికారి, ఆయనకి నాలుగో కారు. అక్కడికి బడ్జెట్టు అయిపోయింది.

నాలుగో కారు ఆగితే అందులో కూర్చునేవాడు లేడు. ఆఫీసు ఆవరణలో అయితే కూర్చునేవాళ్ళకి కొదవ లేదు, ఊళ్ళ మీదికి పోతేనే చిక్కు. కమిటీ మళ్ళీ కూర్చుంది. సాయంత్రం దాకా ఆలోచించి, చివరికి త్రిపురాంతకేశ్వరరావు గారే తేల్చారు.

"ఆగితేనే కదా ఆసీనము కావాలి? ఆగకుండా ఉంటే?"

అందరూ ఆయన వంక భక్తిగా చూశారు. మూడు కార్లూ ఆగినంతసేపూ నాలుగో కారు ఊరి చుట్టూ తిరుగుతూ ఉండాలని తీర్మానించారు. మూడో ఆసీనాధికారి మాత్రం, కారు నిదానించినప్పుడు, పల్లె బస్సు దిగినట్టు దానితోపాటు నాలుగడుగులు పరిగెత్తి దిగాలి.

"మరి అధికారి లేని కారులో ఇంజను తిరగరాదు గదా?" అన్నారు కృపానిధి గారు.

దానికీ ఆయన దగ్గర జవాబుంది. "సార్, బస్సు కిటికీలోంచి సీటులో తువ్వాలు వేస్తాం. ఇక ఆ సీటు మనదా కాదా? ఎంత మొరటువాడైనా ఆ తువ్వాలు తీసి కూర్చుంటాడా? తువ్వాలుంటే మనిషి ఉన్నట్టే. ఇది మన జాతి అంతా ఒప్పుకున్న సంగతి."

సంస్థ ముద్ర వేసిన తువ్వాలు ఒకటి కొనడానికి తీర్మానం జరిగింది. టీ కప్పులు తీయడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ మాలకొండయ్య ఆ రోజు ఎందుకో నోరు తెరిచాడు.

"ఆ తువ్వాలేదో మొదటి కారులోనే ఏస్తే పోద్ది గదా సార్?"

మొదటి కారులో తువ్వాలు వేస్తే మూడు కార్లూ అక్కర్లేదు, మూడు పోస్టులూ అక్కర్లేదు. ఆ సంగతి అందరికీ ఒకేసారి తట్టింది. త్రిపురాంతకేశ్వరరావు గారు తన శాలువాని తడుముకున్నారు.

రెండో మెమో మర్నాడే వచ్చింది. కృపానిధి గారు స్వయంగా రాశారు.

"కమిటీ సమావేశమున అడగని సలహా ఇచ్చినందులకు సదరు డ్రైవరును నాలుగవ వాహనమునకు మార్చడమైనది. కాన్వాయి నిలిచియున్నంతసేపు నాలుగవ వాహనమును ఎట్టి పరిస్థితులలోను ఆపరాదు. నోటిమాటగా ఎవరు చెప్పినను చెల్లదు. ఈ మెమో పూర్వపు మెమోకు అనుబంధము. రెండును కలిసియే అమలులో ఉండును, రద్దయినను కలిసియే రద్దగును."

అలా మాలకొండయ్య తువ్వాలుకి డ్రైవరయ్యాడు. ప్రతి ఊళ్ళోనూ మెల్లగా తిరిగేవాడు. ఆఫీసుకి వచ్చాక కూడా చివరి ఫర్లాంగు నిదానంగా నడిపి, ఆవరణలో ఇంకో చుట్టు తిప్పి ఆపేవాడు. దాని గురించి అడిగినవాళ్ళు లేరు.

నాలుగు నెలలు గడిచాయి. ముందు మూడు కార్ల వెనక సన్నగా నీలం పొగ కనపడసాగింది. "కాన్వాయి రాక దూరము నుండియే రైతులకు గోచరించుచున్నది" అని కృపానిధి గారు పైకి రాశారు. జిలానీ ఒకరోజు రోడ్డు పక్కన నిలబడి ఆ పొగ చూసి, మాలకొండయ్యకి సైగ చేసి, ఎన్నాళ్ళో లేదన్నట్టు చెయ్యి తిప్పాడు. రాజధాని నుంచి కబురొచ్చింది. ఈ నెలాఖరులోగా మెమోలు తేలకపోతే పర్మినెంటు జాబితాలో మాలకొండయ్య పేరు కొట్టేస్తారట.

నెలాఖరుకి నాలుగు రోజుల ముందు గురిజేపల్లి టూరు పడింది. కొండ మీది ఊరు. ఎండ నిప్పులు చెరుగుతోంది. అందరూ ఏసీలు పెట్టుకుని, ఎనిమిది మైళ్ళ ఎగువదారి ఒకే ఊపున ఎక్కారు. పైకొచ్చి ఆగీ ఆగగానే మూడు తాళాలూ టక్కుమని తిరిగాయి. ఆసీనాధికారులు ఒకరి కారులోకి ఒకరు పరిగెత్తారు. ముగ్గురూ నిమిషం కూర్చున్నారు. సంతకాలు చేశారు. నాలుగో కారు ఊరి చుట్టూ బండిబాటలో మొదటి చుట్టు మొదలుపెట్టింది.

కృపానిధి గారు మెట్టసేద్యం మీద ముప్పావుగంట మాట్లాడి వచ్చి కారెక్కారు. డ్రైవరు తాళం తిప్పాడు. లోపల్నుంచి కీచుమని ఒక అరుపు వచ్చింది, వెనకనించి ఊరంతా కమ్మేసే నీలం పొగ వచ్చింది, తర్వాత ఇక ఏమీ రాలేదు. రెండో కారు కొంచెం గింజుకుని ఆగింది. మూడోది గింజుకోనైనా లేదు. సెల్‌ఫోన్లకి ఆ కొండ మీద సిగ్నలు లేదు.

నాలుగో కారు మాత్రం నిమ్మళంగా మలుపు తిరిగి వస్తోంది.

కృపానిధి గారు బాట మధ్యకి వచ్చి చెయ్యెత్తారు. "ఆపు! ఆపవయ్యా!"

మాలకొండయ్య అద్దం దించి, ఆయన పక్కనించి తప్పిస్తూ, "మెమో ఉంది సార్," అన్నాడు. కారు వెళ్ళిపోయింది.

చుట్టుకి నాలుగు నిమిషాలు పడుతుంది. రెండోసారి వచ్చినప్పుడు ఆయన కారు పక్కన పరిగెత్తారు. "ఆ మెమో ఇచ్చింది నేనేగా! నేనే చెబుతున్నా, ఆపు!"

"నోటిమాట చెల్లదని మీరే రాశారు సార్."

దుమ్ము లేచింది. ఊరి జనం అరుగుల మీదికి చేరారు. "ఆ కారుకి పిచ్చెక్కిందా ఏందే?" అంది ఒకావిడ. "కాదంట. లోపలొక తువ్వాలుంది. దాన్ని తిప్పుతున్నారంట," అంది పక్కావిడ. "ఏ దేవుడిదో?" అంటూ మొదటావిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

మూడోసారికి కృపానిధి గారు కాగితం సిద్ధం చేసి, కిటికీలోంచి అందించారు. వాహనమును ఆపుటకు అనుమతించడమైనది. మాలకొండయ్య స్టీరింగు మీద పెట్టుకుని చదివి, తిరిగిచ్చేశాడు.

"మెమో రద్దు కాకుండా అనుమతి ఎట్టా చెల్లుద్ది సార్? రెండు కాగితాలూ కొట్టుకుంటయ్."

ఆయన కోపంగా త్రిపురాంతకేశ్వరరావు గారి వైపు తిరిగారు. త్రిపురాంతకేశ్వరరావు గారు నియమం విషయంలో అబద్ధమాడే మనిషి కాదు. చెమట తుడుచుకుని, "రూలు ప్రకారం అతను చెప్పింది కరెక్టే సార్," అన్నారు.

"అయితే రెండో మెమో రద్దు చేస్తా."

"రెండో దాన్ని ఒక్కదాన్నే కుదరదు సార్. కలిసే రద్దవుతాయని తమరే..."

"వంగు!" అన్నారు కృపానిధి గారు.

త్రిపురాంతకేశ్వరరావు గారు వంగారు. ఆయన వీపు మీద కాగితం పెట్టి రాశారు. మెమోలు రెండూ నేటి నుండి రద్దు. సంతకం. తేదీ. సీలు త్రిపురాంతకేశ్వరరావు గారి సంచిలో ఎప్పుడూ ఉంటుంది గనుక సీలు కూడా పడింది.

నాలుగోసారి కారు వచ్చింది. మాలకొండయ్య కాగితం అందుకుని, సూచికలు, తేదీలు, సీలు మూడూ చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా ఇంకో నాలుగు బారలు పోనిచ్చి, ఒక గోడ నీడన ఆపాడు. తాళం మాత్రం తిప్పలేదు.

కృపానిధి గారు రొప్పుతూ వచ్చారు. "ఇంకేంటయ్యా?"

"ఒక్క నిమిషం సార్."

అందరూ నిలబడ్డారు. కారులో అధికారి ఎవరూ లేరు. ఇంజను తన పాటికి తాను తిరుగుతోంది. ఆ నిమిషం వృథా పోనివ్వడం ఇష్టం లేక త్రిపురాంతకేశ్వరరావు గారు రిజిస్టరు తీసి నిలబడే రాశారు. రాసింది పైకి చదివారు.

"అధికారులు ఆసీనులైన మూడు వాహనములును చెడినవి. తువ్వాలు గల వాహనము మాత్రము ఆరోగ్యముగా ఉన్నది. కావున టర్బో ఇంజనులకు తువ్వాలు మేలు చేయునని ప్రయోగపూర్వకముగా రుజువైనది. ఇకపై ప్రతి వాహనమునందును తువ్వాలు వేయుటకును, వాటి పర్యవేక్షణకు ముగ్గురు తువ్వాలు అధికారులను నియమించుటకును సిఫారసు."

"బాగుంది," అన్నారు కృపానిధి గారు. "పంపించండి."

మాలకొండయ్య తాళం తిప్పి దిగాడు.

ఉన్న ఒక్క కారులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలకముందే పొద్దు వాలింది. సార్ల భోజనం కింద గెస్టుహౌసులో, నలభై మైళ్ళ అవతల ఉంది. గోడ అవతలింటి ముసలావిడ తొంగి చూసి, "ఎంతసేపని నిలబడతారయ్యా? రాండి, ఇంత తినిపోండి," అంది. ఎవరూ కదల్లేదు. ముందు ఎవరు కదలాలన్నది తేలలేదు. చివరికి కృపానిధి గారే వెళ్ళి చాప మీద కూర్చున్నారు. ఆయన పక్కన చోటుంటే ఆసీనాధికారులు, ఆ పక్కన డ్రైవర్లు, చివర చోటు చాలక మాలకొండయ్య ఆయనకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

ముసలావిడ సజ్జసంగటి ముద్దలు పెట్టింది. గోంగూర పచ్చడి వేసింది. ఉల్లిపాయలు చితక్కొట్టి మధ్యలో పెట్టింది. మాలకొండయ్య ఎడమచేత్తో ఒకసారి జేబు తడుముకుని, కుడిచేత్తో ముద్ద తుంచాడు. ఎదురుగా కృపానిధి గారు కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తింటున్నారు. రెండో ముద్ద కోసం ఆయన పళ్ళెం ముందుకు జరిపారు. ముసలావిడ వేసింది.